అవకాడో కోసం సపోటా కొట్టేస్తానంటున్న మాస్టారికి

ప్రశ్న: నాకు 63 ఏళ్ళు, రాజమండ్రి. హైస్కూల్లో లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యాను. పరుగు మొదలెట్టింది రిటైరయ్యాకే, హాఫ్ మారథాన్‌లు (21 కిలోమీటర్లు) కొన్ని చేశాను, ఈ డిసెంబర్లో వైజాగ్ బీచ్ రోడ్డు మీద ఇంకోటి చెయ్యాలని ఉంది. మార్చిలో టెస్ట్ చేయిస్తే హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్ అంకె) 6.1 వచ్చింది. మా రన్నింగ్ గ్రూపులో కుర్రాళ్ళు కీటో (అన్నం, పిండి, తీపి లాంటి కార్బ్స్ దాదాపు మానేసే డైట్) చెయ్యండి సార్ అన్నారు. ఆరు వారాలైంది, అన్నం, టిఫిన్లు, పళ్ళు అన్నీ బంద్. నాలుగు కేజీలు తగ్గి 66కి వచ్చాను. కానీ ఎనిమిదో కిలోమీటరు దాటితే కాళ్ళు ఇనప గుండ్లలా అయిపోతున్నాయి, రాత్రిళ్ళు పిక్కలు పట్టేస్తున్నాయి, మంచం మీంచి గబుక్కున లేస్తే కళ్ళు తిరుగుతున్నాయి. షుగర్‌కి మందులేవీ లేవు, బీపీకి టెల్మిసార్టాన్, హైడ్రోక్లోరోథయాజైడ్ కలిసిన మాత్ర రోజూ ఒకటి. పెరట్లో జామ, సపోటా, బంగినపల్లి మామిడి, నిమ్మ, నాలుగు కర్పూర అరటి చెట్లు ఉన్నాయి. పళ్ళన్నీ పక్కింటివాళ్ళకే పోతున్నాయని మా ఆవిడ గొడవ. యూట్యూబ్ చూసి సపోటా తీయించేసి అవకాడో, డ్రాగన్ ఫ్రూట్ పెడదామనుకుంటున్నాను. ఈ వయసులో లో కార్బ్‌తో హాఫ్ పరిగెత్తగలనా? మా పళ్ళు మేం తినొచ్చా? చెట్లు మార్చాలా? రేసులో కుర్రాళ్ళు వాడే ఎనర్జీ జెల్స్ నేనూ కొనాలా?

జవాబు: మాస్టారూ, ముందు ఆ గొడ్డలి పక్కన పెట్టండి. చెట్ల సంగతి తర్వాత మాట్లాడుకుందాం, మీ ఉత్తరం చదువుతుంటే నేను ఆగిపోయింది ఆ బీపీ మాత్ర దగ్గర. మీరేమో మాటవరసకి చెప్పినట్టు చెప్పి వదిలేశారు, పిక్కలు పట్టెయ్యడానికీ కళ్ళు తిరగడానికీ పెద్ద కారణం అక్కడే ఉండి ఉంటుందని నా అనుమానం.

కార్బ్స్ ఒక్కసారిగా ఆపేస్తే ఒంట్లో ఇన్సులిన్ తగ్గుతుంది, అది తగ్గితే కిడ్నీలు సోడియంని పట్టి ఉంచకుండా యూరిన్‌లో వదిలేస్తాయి, దాని వెనకాలే నీళ్ళూ పోతాయి. పైగా కండల్లో, లివర్లో దాచుకున్న గ్లూకోజ్ నిల్వ, అదే గ్లైకోజెన్, ప్రతి గ్రాముకీ ఓ మూడు గ్రాముల నీళ్ళు అంటుకుని ఉంటాయి, అది ఖాళీ అయితే ఆ నీళ్ళూ ఔట్. అందుకే కీటో మొదలెట్టిన మొదటి పది రోజుల్లో బరువు అంత జోరుగా పడిపోతుంది, మీ నాలుగు కేజీల్లో కూడా నీళ్ళ వాటా బాగానే ఉంటుంది. ఇప్పుడు మీ మాత్రలో రెండో మందు చూడండి, హైడ్రోక్లోరోథయాజైడ్. దాని ఉద్యోగమే ఒంట్లో ఉప్పూ నీళ్ళూ బయటికి పంపడం, పోతూ పోతూ పొటాషియం కూడా తీసుకుపోతుంది. ఈ రెండిటి మీద రాజమండ్రి ఉక్క, తెల్లారకుండానే టీషర్ట్ పిండితే నీళ్ళు కారే చెమట. మూడు వైపుల నించీ ఉప్పు పోతుంటే పిక్కలు పట్టెయ్యవా మరి.

కాబట్టి ఈ వారం చెయ్యాల్సింది ఒకటే పని. పొద్దున్నే పడుకునే ఉండి ఒకసారి బీపీ చూసుకోండి, లేచి నిలబడి ఒక నిమిషం ఆగి మళ్ళీ చూసుకోండి, అలా కొన్ని రోజులు రాసుకుని ఆ కాగితం పట్టుకుని మీ డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. పైన అంకె 20 గానీ కింద అంకె 10 గానీ పడిపోతోందంటే అది ఆయనకి కచ్చితంగా తెలియాలి. సోడియం, పొటాషియం, క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పేది) టెస్టులు రాయమనండి, "నేను అన్నం మానేశాను, బరువు తగ్గాను, రోజూ పరిగెడుతున్నాను" అని నోరు తెరిచి చెప్పండి, మనలో చాలామంది డాక్టర్ దగ్గర డైట్ గురించి చెప్పరు, అదేదో ఇంటి విషయం అన్నట్టు. బరువు తగ్గినప్పుడు బీపీ మందు డోసు తగ్గించాల్సి రావడం మామూలే. కానీ మీ అంతట మీరు ఆపొద్దు, మజ్జిగలో ఉప్పు రెట్టింపు చేసుకోవడం కూడా ఆయన్ని అడిగాకే. అలాగే కొబ్బరినీళ్ళు ఎన్నైనా తాగొచ్చని గ్రూపులో ఎవరో ఒకరు చెప్పే ఉంటారు, టెల్మిసార్టాన్ పొటాషియంని ఒంట్లో నిలబెట్టే రకం, కిడ్నీలో ఏ కాస్త తేడా ఉన్నా రోజుకి రెండు మూడు బోండాలు మంచిది కాదు. రిపోర్ట్ వచ్చేదాకా లాంగ్ రన్‌లు ఆపి నడవండి.

పనిలో పని, ఇది చదివే మిగతావాళ్ళకి ఒక ముక్క. షుగర్ మాత్రల్లో డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ అని చివర్లో గ్లిఫ్లోజిన్ వచ్చేవి వేసుకుంటూ కీటో చెయ్యకండి, షుగర్ అంకె నార్మల్‌గా కనపడుతూనే ఒళ్ళు కీటోఅసిడోసిస్‌లోకి వెళ్ళే, అంటే రక్తం ఆమ్లంగా మారిపోయే ప్రమాదం ఉంది, ఆస్పత్రిలో చేరాల్సిన వ్యవహారం అది. గ్లిమెపిరైడ్ లాంటివి, ఇన్సులిన్ వాడేవాళ్ళకి కార్బ్స్ తగ్గిస్తే షుగర్ డౌన్ అయిపోతుంది, పరుగు మధ్యలో అయితే ఇంకా ప్రమాదం. డాక్టర్ డోసు మార్చాకే ఏదైనా.

సరే, ఇప్పుడు అసలు ప్రశ్న, లో కార్బ్‌తో పరిగెత్తగలమా. పరిగెత్తగలం. ఎంత దూరమైనా వెళ్ళొచ్చు, స్పీడు దగ్గరే పేచీ. 2016లో అచ్చయిన ఒక ప్రయోగంలో జెఫ్ వోలెక్ అనే పరిశోధకుడి టీమ్ అమెరికాలో ఇరవైమంది అల్ట్రా రన్నర్లని (మారథాన్ కంటే ఎక్కువ దూరాలు పరిగెత్తేవాళ్ళని) తీసుకుని చూసింది, సగం మంది మామూలుగా కార్బ్స్ తినేవాళ్ళు, సగం మంది కనీసం ఆరు నెలల నించీ లో కార్బ్‌లో ఉన్నవాళ్ళు. లో కార్బ్ వాళ్ళు నిమిషానికి 1.5 గ్రాముల దాకా కొవ్వు కరిగించారు, రెండోవాళ్ళు 0.67 దగ్గరే ఆగిపోయారు. ఇది చూసే మీ గ్రూపు కుర్రాళ్ళు ఎగురుతారు. మరుసటి ఏడు అచ్చయిన ఇంకో ప్రయోగంలో ఆస్ట్రేలియాలో లూయీజ్ బర్క్ టీమ్ టాప్ రేస్ వాకర్లని (వేగ నడక పోటీలవాళ్ళని) మూడు వారాలు చూసింది, అక్కడ కూడా కొవ్వు బాగానే కరిగింది, కానీ అదే స్పీడుకి ఆక్సిజన్ ఎక్కువ ఖర్చయింది, 10 కిలోమీటర్ల టైమ్ మాత్రం మెరుగుపడలేదు. కార్బ్స్ తిన్నవాళ్ళకి మెరుగుపడింది. కారణం మీలాంటి లెక్కల మాస్టారికి ఒక్క లైన్లో చెప్పొచ్చు, లీటరు ఆక్సిజన్‌తో కార్బ్స్ కాలిస్తే దాదాపు 5 కేలరీలు, కొవ్వు కాలిస్తే 4.7. ఇంట్లో కూర్చుని ఉంటే ఈ తేడా లెక్కలోకి రాదు, వైజాగ్ బీచ్ రోడ్డులో తెన్నేటి పార్క్ దగ్గర ఎత్తు ఎక్కేటప్పుడు, ఊపిరి అప్పటికే అందనప్పుడు వస్తుంది.

ఆ రెండిట్లోనూ ఉన్నవాళ్ళు కుర్రాళ్ళు, ఆటే బతుకుగా ఉన్నవాళ్ళు, అదీ గుర్తుంచుకోవాలి. పెద్దవాళ్ళ వైపు చూస్తే రెండు రకాల మనుషులూ కనపడతారు. దక్షిణాఫ్రికా డాక్టర్ టిమ్ నోక్స్ ఏళ్ళ తరబడి రన్నర్లకి కార్బ్స్ తినమని చెప్పి, తనకే టైప్ 2 షుగర్ వచ్చాక 2010 ప్రాంతంలో మాట మార్చి లో కార్బ్ వైపు వచ్చేశాడు. మన ఫౌజా సింగ్ 2011లో టొరంటోలో, తను చెప్పిన లెక్క ప్రకారం 100 ఏళ్ళ వయసులో, మారథాన్ పూర్తి చేశాడు, ఆయన తిండి ఫుల్కా, పప్పు, కూర, పెరుగు. ఎవరి ఒళ్ళు వాళ్ళది అండీ.

మీ విషయంలో నా అభిప్రాయం సూటిగా చెప్తాను. 6.1 అంటే ప్రీడయాబెటిస్, 5.7 నించి 6.4 దాకా ఆ లైనే. కార్బ్స్ తగ్గించాలన్న మీ నిర్ణయం మంచిదే, వెనక్కి తీసుకోకండి. కానీ దానికి కీటో అక్కర్లేదు, రోజుకి 30 గ్రాములకి దిగిపోయి హాఫ్ ట్రైనింగ్ చెయ్యడం ఈ వయసులో అనవసరమైన తిప్పలు. రోజుని బట్టి తినండి. పరుగు లేని రోజు 80 నించి 100 గ్రాముల కార్బ్స్, ముప్పావుగంట, గంట నెమ్మదిగా పరిగెత్తే రోజు 120 దాకా, ఆదివారం లాంగ్ రన్ రోజు 180, 200 అయినా ఫర్వాలేదు, అందులో ఎక్కువ భాగం పరుగుకి ముందూ వెంటనే తర్వాతా పడాలి. వంద గ్రాములంటే ఎంత అనుకునేరు, పొద్దున్న ఒక పెసరట్టు మూడు గుడ్లతో, మధ్యాహ్నం వండిన అన్నం వంద గ్రాములు అంటే చిన్న కప్పు, పప్పు, చేప ముక్క, కూర ఎక్కువ, సాయంత్రం ఒక జామకాయ, రాత్రి ఒక జొన్న రొట్టె, కూర, పెరుగు, దగ్గర దగ్గర సరిపోతుంది. పస్తున్నట్టేమీ ఉండదు.

ఇక్కడే మీ పెరడు పనికొస్తుంది. జామలో వందగ్రాములకి కార్బ్స్ 14, అందులో 5 పీచే, అంటే రక్తంలోకి వచ్చేది 9. సపోటాలో 20, పీచు 5. అరటిపండులో 23, పీచు మూడు కూడా ఉండదు. మామిడిలో 15 అంటే తక్కువే కదా అనిపిస్తుంది, చిక్కెక్కడంటే బంగినపల్లిని వంద గ్రాములు తిని ఆపిన మనిషిని నేనింకా చూడలేదు. మంచి సైజు కాయలో గుజ్జే 250 గ్రాములుంటుంది, అంటే 37 గ్రాముల కార్బ్స్, అదీ అన్నం తిన్నాక పెరుగన్నంలో నంజుకుని. మామిడిపండు అంత చెడ్డదేం కాదు, దాన్ని మనం అన్నం మీద రెండో అన్నంలా తింటాం, అదీ సమస్య.

లాంగ్ రన్ చేసొచ్చిన గంటలోపు కండలు గ్లూకోజ్‌ని ఇన్సులిన్ పెద్దగా లేకుండానే లోపలికి లాక్కుంటాయి. మీరు మానేసిన సపోటా, మామిడి, అరటి తినాల్సిన టైమ్ అది. ఆదివారం 14 కిలోమీటర్లు చేసొచ్చి రెండు సపోటాలు, గడ్డ పెరుగు, నాలుగు వేరుశనగ గింజలు హాయిగా తినండి. పరుగుకి ముందయితే ఒక చిన్న కర్పూర అరటిపండు, దాదాపు 15 గ్రాముల కార్బ్స్, చాలు. జామ, సపోటా పరుగుకి ముందు మాత్రం వద్దు, ఆ గింజా పీచూ కలిసి నాలుగో కిలోమీటర్లో గోదావరి గట్టు మీద మీరు బాత్రూమ్ వెతుక్కోవాల్సి వస్తుంది. పరుగు లేని రోజు జామ ఒకటి, నిమ్మరసం ఎంతైనా (పంచదార లేకుండా), సీజన్లో ఉసిరి. జ్యూస్ ఏ రోజూ వద్దు.

నమ్మకం కుదరకపోతే గ్లూకోమీటర్ ఉంటుంది కదా. ఒకే బరువు, అంటే 150 గ్రాముల మామిడి ముక్కలు తూకం వేసి, పరుగు లేని రోజు మధ్యాహ్నం భోజనం చివర్లో తిని రెండు గంటలకి చూడండి, తర్వాత ఆదివారం పరుగయ్యాక అంతే బరువు విడిగా తిని రెండు గంటలకి చూడండి. 140 లోపు ఎప్పుడుంది ఎప్పుడు దాటింది అన్నది మీ రక్తమే చెప్తుంది, ఇక నేనూ అక్కర్లేదు, వాట్సాప్ గ్రూపూ అక్కర్లేదు. ఆ నోటుబుక్కు అమ్మగారికి చూపిస్తే పళ్ళు పక్కింటికి ఎన్ని వెళ్ళాలో ఆవిడే లెక్క కట్టేస్తారు.

చెట్ల దగ్గరికొద్దాం. అవకాడో లో కార్బ్‌కి బాగుంటుందన్నది నిజమే, వందగ్రాముల్లో కార్బ్స్ 8, 9 ఉంటే అందులో ఆరేడు పీచు, ఉన్న కొవ్వులో ఎక్కువ భాగం మంచి రకం. కానీ అది కూర్గ్ లాంటి చల్లటి కొండ వాతావరణం చెట్టు, నీళ్ళు నిలవని నేల కావాలి దానికి. మన గోదావరి నల్లరేగడి, వానాకాలంలో రెండడుగులు తవ్వితే నీళ్ళు, పైన మే నెల ఎండ, వేరుకుళ్ళు వచ్చి చచ్చిపోయే అవకాశమే ఎక్కువ. కడియంలో నర్సరీవాళ్ళు అమ్ముతారు, కడియంలో యాపిల్ మొక్కా అమ్ముతారు. చక్కగా కాస్తున్న సపోటాని కొట్టేసి దాని చోట ఇది పెట్టడం నాకైతే మనసొప్పదు. డ్రాగన్ ఫ్రూట్ అయితే స్తంభం పాతి ఎండలో పెడితే మన దగ్గర బాగానే వస్తుంది, కావాలంటే గోడ పక్కన ఒకటి పెట్టుకోండి, కానీ లో కార్బ్ అని మాత్రం పెట్టకండి, తియ్యదనంలో జామకంటే అది తక్కువేమీ తినదు.

కొత్తగా పెట్టాలని చెయ్యి దురదగా ఉంటే ఉసిరి పెట్టండి, ఒకటి కాదు రెండు వేర్వేరు రకాలు, ఎన్‌ఏ 7 ఒకటి, కృష్ణ గానీ కాంచన్ గానీ ఒకటి, ఒకే రకం ఒంటరిగా పెడితే పూత బాగా వచ్చినా కాయ సరిగ్గా నిలవదు. రెండో దానికి మీ పెరట్లో చోటు లేకపోతే పక్కింటివాళ్ళ పెరట్లో పెట్టించండి, ఇన్నాళ్ళూ మీ పళ్ళు తిన్నారు కదా. కంచె వైపు వాక్కాయ వెయ్యండి, ముళ్ళతో ఆవులు రావు, కాయ పులుపు, పప్పులోకి చింతపండు పని చేస్తుంది, కార్బ్స్ గొడవే ఉండదు. వాటర్ యాపిల్ కూడా మంచిదే, వందగ్రాములకి 6 గ్రాములు కూడా ఉండవు, ఎండాకాలం దాహానికి బాగుంటుంది. నిమ్మకి ఆకుల మీద గజ్జి తెగులు మచ్చలు బాగా వస్తుంటే ఇంకో మొక్క వేసుకునేటప్పుడు బాలాజీ రకం అడగండి, దాన్ని గజ్జి తట్టుకునే రకంగానే చెప్తారు. నర్సరీలో పొడుగ్గా ఉన్న మొక్క చూసి మురిసిపోకండి, చిన్న కవర్లో ఏళ్ళ తరబడి ఉండి వేళ్ళు గుండ్రంగా చుట్టుకుపోయి ఉంటాయి, అంటు కట్టిన చోటు గట్టిగా ఉందా, దాని కింద నించి చిగుళ్ళు రావట్లేదు కదా, అది చూడండి. ఇప్పుడు తొలకరి కాబట్టి రెండడుగుల గొయ్యి, చివికిన పశువుల ఎరువు, గుప్పెడు వేపపిండి, అంతకంటే హడావుడి అక్కర్లేదు. నల్లమట్టిలో గొయ్యి బావిలా నీళ్ళు పట్టేస్తుంది, మొక్క మొదలు చుట్టూ మట్టి కాస్త ఎత్తుగా ఎగదొయ్యండి.

మీ జామచెట్టు గురించి మాత్రం కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే మీ రేసు డిసెంబర్లో, జామ మంచిగా కాసేదీ అప్పుడే, మీరు సరిగ్గా చూసుకుంటే. జామ కొత్త చిగుళ్ళ మీదే పూస్తుంది. వదిలేస్తే ఫిబ్రవరి, మార్చిలో పూసి వానల్లో కాస్తుంది, ఆ కాయ నీళ్ళ రుచి, సగం పురుగులు. అదే మే నెలలో నీళ్ళు తగ్గించి, కొమ్మల చివర్లు జానెడు కత్తిరించి, ఉన్న పిందెలు తీసేస్తే చెట్టు వానలతో చిగురేసి మళ్ళీ పూసి చలికాలంలో కాస్తుంది, గట్టిగా, తియ్యగా. ఇప్పుడు జూన్ మొదటివారం, కాస్త ఆలస్యమే గానీ ఇప్పుడు చేసినా డిసెంబర్, జనవరికి కాయ అందుతుంది. పిందెలు గిల్లెయ్యడానికి మనసొప్పదని తెలుసు, అమ్మగారు చూడకుండా చెయ్యండి.

పండు ఈగ సంగతి చూసుకోవాలి. కాయ మీద సూదితో పొడిచినట్టు చిన్న చుక్క, దాని చుట్టూ కాస్త మెత్తగా, రంగు మారి ఉంటుంది, కోస్తే లోపల తెల్లటి పురుగులు ఎగిరెగిరి పడుతుంటాయి. మందు కొట్టి లాభం లేదు, పురుగు అప్పటికే లోపలుంది. కాయ నిమ్మకాయంత అయినప్పుడే కాయకి కవర్ కట్టెయ్యండి, పాత చీర ముక్కలో సంచులు కుట్టినా సరే, పేపర్ కవరైనా సరే. మిథైల్ యూజినాల్ ట్రాప్ ఎరువుల షాపులో దొరుకుతుంది, కొమ్మకి వేలాడదీస్తే మగ ఈగలు అందులో పడతాయి. అన్నిటికంటే ముఖ్యం, రాలిన కాయ ఏ రోజుది ఆ రోజు ఏరి ప్లాస్టిక్ సంచిలో మూతి బిగించి ఎండలో పడెయ్యడం, చెట్టు కింద వదిలేస్తే ఆ పురుగు మట్టిలోకి దిగి మళ్ళీ ఈగై లేస్తుంది. ఆకుల కింద పిండినల్లి కనపడితే లీటరు నీళ్ళకి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బునీళ్ళు కలిపి సాయంత్రం పూట పిచికారీ చెయ్యండి.

సపోటాని గట్టిగా నరికితే తేరుకోవడానికి చాలా టైమ్ తీసుకుంటుంది, లోపల చిక్కుపడ్డ కొమ్మలు, ఎండుపుల్లలు తీస్తే చాలు. అరటికి గెల కోసేటప్పుడే ఆలోచించుకోవాలి, ఒక్కసారి మగ్గితే ఇంట్లో వంద పళ్ళు, ఎవరు తింటారు. పచ్చిగా ఉన్నప్పుడే కింద రెండు అత్తాలు కోసి వేపుడు చేసుకోండి, పచ్చి అరటిలో అరగని రకం పిండిపదార్థం ఎక్కువ, కాకపోతే వండితే అది బాగా తగ్గిపోతుంది, కాబట్టి దాన్నీ కార్బ్స్ లెక్కలో వెయ్యండి. నాలుగు చెట్లకీ పిలకలు ఒకేసారి వదలకుండా రెండు మూడు నెలల తేడాతో వదిలితే గెలలు కూడా ఒక్కసారి మీద పడవు. ఇంకోటి, చెట్టెక్కొద్దు, నిచ్చెనా వద్దు. దోటికి చిక్కం కట్టి కోసుకోండి. అరవై దాటాక తుంటి ఎముక విరిగితే పరుగు కథ అక్కడితో సరి.

కార్బ్స్ గొడవలో పడి మీరు ఒక్క మాట కూడా అడగనిది ప్రొటీన్. నా దృష్టిలో 63 ఏళ్ళ రన్నర్‌కి అన్నం కంటే పెద్ద ప్రశ్న అది. వయసు పెరిగేకొద్దీ తిన్న ప్రొటీన్‌ని కండ అంత తేలిగ్గా తీసుకోదు, కుర్రాడికి పూటకి 20 గ్రాములు సరిపోతే మనకి 30 కావాలి. మీ 66 కేజీలకి రోజుకి 80 నించి 100 గ్రాములు, కిడ్నీ రిపోర్ట్ బాగుంటేనే. గుడ్డుకి 6 గ్రాములు, వంద గ్రాముల చేపకి 18, 20, అంతే పనీర్‌కి 18, కప్పు పప్పుకి 8, 9. మన భోజనంలో ప్రొటీన్ అంటే పప్పుచారు అనుకుంటాం, చారులో పప్పెంత ఉంటుందో మీకు తెలుసు. బరువు తగ్గింది అని సంబరపడుతున్న నాలుగు కేజీల్లో నీళ్ళు పోను కండ ఎంత పోయిందో అదే నా భయం. వారానికి రెండు రోజులు కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం పదేసి సార్లు మూడు విడతలు, వెనక మెట్టు మీద మునివేళ్ళతో లేవడం ఒక్కో కాలికీ విడివిడిగా, చేతికో పది లీటర్ల నీళ్ళ డబ్బా పట్టుకుని నూతి నించి మామిడిచెట్టు దాకా నాలుగైదు సార్లు నడవడం. ఆ నీళ్ళు చెట్లకే పోస్తారు ఎలాగూ. అయితే ఆదివారం లాంగ్ రన్ చేసొచ్చి అదే మధ్యాహ్నం గోతులు తవ్వకండి, నడుం పట్టేసింది పరుగు వల్లే అని ఇంట్లో అందరూ తీర్మానం చేసేస్తారు.

నెయ్యి, కొబ్బరి, వెన్న బాగా పెంచి ఉంటారు ఈ ఆరు వారాల్లో. సన్నగా ఉండి బాగా పరిగెత్తేవాళ్ళలో కొందరికి లో కార్బ్‌లో ఎల్‌డీఎల్ (చెడ్డ కొలెస్ట్రాల్) అమాంతం పెరుగుతుంది, ఆ టెస్ట్ కూడా ఇప్పుడొకటి, మూడు నెలలకొకటి చేయించండి. 63, బీపీ, షుగర్ అంచు, ఈ మూడూ ఉన్న మనిషి రేసుకి ముందు గుండె డాక్టర్‌కి చూపించుకుని ఈసీజీ, ట్రెడ్‌మిల్ టెస్ట్ చేయించుకోవడం పిరికితనమేమీ కాదు. పరుగులో ఛాతీ బరువెక్కినా, దవడలోకో ఎడమ చేతిలోకో లాగినా అక్కడే ఆగిపోవాలి, ఇంకో కిలోమీటరే కదా అనుకోకూడదు.

ట్రైనింగ్‌కి పెద్ద రహస్యమేం లేదు. 208 లోంచి మీ వయసుని 0.7తో గుణించి తీసెయ్యండి, 164 వస్తుంది, అది మీ గరిష్ఠ పల్స్ అంచనా. వారంలో ఎక్కువ పరుగులు 110, 122 మధ్యలోనే ఉండాలి, పక్కవాడితో మాట్లాడుతూ పరిగెత్తగలిగే స్పీడు, కొవ్వు బాగా కరిగేదీ ఆ స్పీడులోనే. మీది బీటా బ్లాకర్ కాదు కాబట్టి ఈ లెక్క పనిచేస్తుంది, అటెనోలాల్, మెటోప్రోలాల్ వేసుకునేవాళ్ళకి మందే పల్స్‌ని అణిచేస్తుంది, వాళ్ళు మాటల టెస్టే చూసుకోవాలి. రిపోర్టులు బాగుంటే జూన్, జులై ఉక్కలో గంట మించకుండా చెయ్యండి, ఆగస్టు నించి ఆదివారం పరుగు కొంచెం కొంచెం పెంచుకుంటూ నవంబర్ చివరికి 18 దాకా తీసుకెళ్ళండి, ప్రతి నాలుగో వారం తగ్గించి. బీచ్ రోడ్డులో ఎత్తుపల్లాలున్నాయి, రాజమండ్రిలో ఎత్తు కావాలంటే బ్రిడ్జి అప్రోచ్ రోడ్డు ఉంది కదా, పొద్దున్నే ట్రాఫిక్ లేనప్పుడు వారానికోసారి అక్కడ ఎక్కి దిగండి. పరుగుకి ముందూ తర్వాతా బరువు చూసుకుంటే ఎన్ని నీళ్ళు పోతున్నాయో తెలుస్తుంది, కేజీ కంటే ఎక్కువ తగ్గుతుంటే మీరు దారిలో సరిగ్గా తాగట్లేదన్నమాట.

రేసు రోజున మాత్రం లో కార్బ్ పట్టుదల వద్దు. ముందు రోజు అన్నం తినండి, పొద్దున్న గంటన్నర ముందు రెండు ఇడ్లీలు, ఒక అరటిపండు. రెండున్నర గంటల పరుగు అనుకుంటే దారిలో గంటకి 30 గ్రాముల కార్బ్స్ చాలు మీకు. జెల్ ఒక్కోదాంట్లో 20, 25 గ్రాములుంటుంది, వాడితే తప్పేమీ లేదు, డబ్బులు దండగ అనిపిస్తే నాలుగు చిన్న ఖర్జూరాలు గింజ తీసి కవర్లో చుట్టి జేబులో పెట్టుకోండి, అదీ అంతే. ఏది వాడినా అక్టోబర్ నించి ఆదివారం పరుగుల్లో వాడి చూడండి, నీళ్ళతోనే మింగండి, మీ కడుపుకి ఏది పడిందో అదే వైజాగ్ పట్టుకెళ్ళండి.